సైకిలు చైను నిజంగా సాగుతుందా?

"చైను సాగిపోయింది బాబూ, మార్చెయ్యాలి!"

సైకిలు షాపులో ఈ మాట మీరు చాలాసార్లు వినే ఉంటారు. చైను తరచు ఊడిపోతూ ఉంటుంది. వంతెన ఎక్కేటప్పుడు పెడల్‌ను గట్టిగా తొక్కితే 'టక్కు'మని జారుతుంది. షాపుకి తీసుకుపోతే మెకానిక్ చైనును వేలితో పైకీ కిందికీ ఆడించి చూసి ఈ తీర్పు చెబుతాడు.

ఒక్క నిమిషం ఆలోచించండి. చైనును ఉక్కుతో చేస్తారు. రబ్బరు బాండు లాగితే సాగుతుంది, సరే. మన కాళ్ళ బలానికి ఉక్కు సాగుతుందా? పాత చైనులోని ఒక రేకును విడదీసి కొత్త చైను రేకు పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే పొడవుంటాయి. అయినా పాత చైను మొత్తంగా కొత్తదానికంటే పొడుగ్గా ఉంటుంది! ఏ ముక్కా పొడుగు కాకుండా చైను ఎలా పొడుగయింది?

ఈ చిక్కుముడి విప్పితే చాలు. చైనును ఎందుకు శుభ్రం చెయ్యాలో, నూనె ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ వెయ్యకూడదో మీకే తెలిసిపోతుంది.

చైను లోపల ఏముంది?

మీ సైకిలుకి స్టాండు వేసి చైనును దగ్గరగా చూడండి. రెండు రకాల లింకులు ఒకదాని తరువాత ఒకటి వస్తూ కనిపిస్తాయి. ఒకటి బయటి లింకు. దీనిలో ఎనిమిది అంకె ఆకారంలో రెండు రేకులుంటాయి. వాటిని రెండు పిన్నులు కలుపుతాయి. రెండోది లోపలి లింకు. దీనిలోనూ రెండు రేకులుంటాయి. కాని వాటిని కలిపేవి పిన్నులు కావు, బోలుగా ఉన్న రెండు చిన్న గొట్టాలు. వీటిని బుష్‌లంటారు. ప్రతి బుష్ మీదా ఒక రోలరు ఉంగరంలా వదులుగా తిరుగుతూ ఉంటుంది.

బయటి లింకు పిన్ను లోపలి లింకు బుష్‌లోంచి దూరిపోతుంది. ఇదే చైను కీలు. మన మోచేయి కీలు దగ్గర వంగినట్లే చైను ఇక్కడ వంగుతుంది. వంగిన ప్రతిసారీ బుష్‌లో పిన్ను కొద్దిగా తిరుగుతుంది. రోలరు పని వేరు. అది పళ్ళ చక్రం పంటి మీద రాసుకోకుండా దొర్లుతుంది. గేర్లున్న కొత్త సైకిళ్ళ చైనులలో విడిగా బుష్ ఉండదు. లోపలి రేకు అంచునే గొట్టంలా మలుస్తారు. పని మాత్రం అదే.

ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకి దూరం సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఈ అర అంగుళాన్ని గుర్తుంచుకోండి. ఇంకాసేపట్లో దానితో ఒక ప్రయోగం చెయ్యబోతున్నాం.

ఇలాంటి గొలుసు ఆలోచన చాలా పాతది. ఇటలీకి చెందిన లియొనార్డో డావిన్సీ 1490లలో రాసుకున్న నోటుపుస్తకంలో ఇప్పటి చైనును పోలిన గొలుసుల బొమ్మలున్నాయి. బుష్, రోలరు రెండూ ఉన్న చైనును మాత్రం 1880లో హాన్స్ రెనాల్డ్ కనిపెట్టాడు. ఆయన స్విట్జర్లండులో పుట్టి ఇంగ్లండులోని మాంచెస్టరులో స్థిరపడినవాడు. ఆ రోజుల్లో సైకిలు ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తుండేది. పెడళ్ళు నేరుగా ఆ చక్రానికే బిగించి ఉండేవి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరిగేది. అందుచేత వేగంగా పోవాలంటే పెద్ద చక్రం తప్పేది కాదు. పడితే ఎముకలు విరిగేవి! 1885లో ఇంగ్లండులోని కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిలును తీసుకువచ్చాడు. దానిలో పెడళ్ళ బలం చైను ద్వారా వెనక చక్రానికి చేరింది. చక్రాలు రెండూ చిన్నవయ్యాయి. మీరు నేడు తొక్కుతున్న సైకిలు దాని వంశంలోదే. 1903లో విమానం ఎగరవేసిన రైట్ సోదరులు కూడా సైకిళ్ళు తయారుచేసినవాళ్ళే. ఆ విమానం పంకాలను తిప్పింది కూడా చైనులే!

ఒక చిన్న లెక్క

మీ సైకిలు ముందు పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకి 18 పళ్ళు ఉన్నాయనుకుందాం. మీ సైకిలు పళ్ళు మీరే లెక్కపెట్టుకోవచ్చు. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 44 ÷ 18, అంటే దాదాపు 2.44 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.23 మీటర్లు. కనుక పెడల్ ఒక చుట్టుకి సైకిలు సుమారు 5.45 మీటర్లు ముందుకి పోతుంది. కిలోమీటరుకి 183 చుట్లు తొక్కాలన్నమాట.

ఇప్పుడు చైను సంగతి చూద్దాం. ఒక కీలు ముందు పళ్ళ చక్రాన్ని ఎక్కేటప్పుడు వంగుతుంది, దిగేటప్పుడు నిటారవుతుంది. ఫ్రీవీలు దగ్గరా అంతే. అంటే చైను ఒకసారి చుట్టి వచ్చేలోగా ప్రతి కీలూ 4 సార్లు కదులుతుంది. చైనులో 110 కీళ్ళున్నాయనుకుంటే, కిలోమీటరు దూరంలో ఒక్కొక్క కీలు సుమారు 290 సార్లు కదులుతుంది. అన్ని కీళ్ళూ కలిపి 32 వేలసార్లు! మీ బడి 5 కిలోమీటర్ల దూరంలో ఉంటే, రోజూ వెళ్ళి వచ్చేసరికి ఒక్కొక్క కీలు 2,900 సార్లు కదులుతుంది.

ఎంత కోణంలో వంగుతుంది? 44 పళ్ళ చక్రం దగ్గర 360 ÷ 44, అంటే 8 డిగ్రీలు. 18 పళ్ళ ఫ్రీవీలు దగ్గర 360 ÷ 18, అంటే 20 డిగ్రీలు. చక్రం చిన్నదయ్యేకొద్దీ కీలుకి శ్రమ ఎక్కువన్నమాట.

అసలు దొంగ ఎవరు?

రోజూ వేలసార్లు పిన్ను బుష్‌లో రాసుకుంటోంది గదా! అక్కడ శుభ్రమైన నూనె ఉంటే అరుగుదల చాలా తక్కువ. ఇసుక చేరిందా, కథ మారిపోతుంది.

రోడ్డు మీది దుమ్ములో చాలా భాగం సన్నని ఇసుక. ఇసుకలో ముఖ్యమైన ఖనిజం క్వార్ట్జ్. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ స్కేలులో తాల్కు 1, వజ్రం 10. క్వార్ట్జ్ కాఠిన్యం 7. కత్తి ఉక్కు కాఠిన్యం సుమారు 5.5. అంటే కంటికి కనిపించని ఇసుక రేణువు కూడా మామూలు ఉక్కును గీకగలదు. చైను పిన్నులకు పైపొరను ప్రత్యేకంగా గట్టిపరుస్తారు కాబట్టి అవి కొంతకాలం తట్టుకుంటాయి. అంతేగాని ఎల్లకాలం తట్టుకోలేవు.

కత్తులకు సాన పట్టేటప్పుడు చూశారా? సానరాయి మీద కొంచెం నీళ్ళు చల్లి కత్తిని రుద్దుతారు. రాతి పొడి, నీరు కలిసిన ముద్ద ఉక్కును అరగదీస్తుంది. మీ చైను మీద పేరుకున్న నల్లటి జిడ్డు కూడా అలాంటిదే. అది నూనె, ఇసుక కలిసిన ముద్ద. చైను కదిలినప్పుడల్లా ఆ ముద్ద కీళ్ళలోకి దూరి పిన్నుకి సాన పడుతూ ఉంటుంది!

మన చిక్కుముడి ఇప్పుడు విడిపోయింది. రేకులు సాగలేదు. పిన్ను అరిగి సన్నబడింది. బుష్ రంధ్రం అరిగి పెద్దదయింది. ప్రతి కీలు దగ్గరా కాస్త ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలన్నీ కలిసి చైను పొడుగయింది.

స్కేలుతో ప్రయోగం

మీ జామెట్రీ పెట్టెలోని స్కేలు చాలదు. ఒక పక్క 30 సెంటీమీటర్లు, రెండో పక్క 12 అంగుళాలు ఉండే పెద్ద స్కేలు తీసుకోండి. చైను పై వరసకి కవరు అడ్డుంటే కింది వరసలో కొలవండి. అక్కడ చైనును వేలితో లాగి నిఠారుగా ఉంచండి. ఒక పిన్ను మధ్య భాగానికి స్కేలు సున్న గీత సరిపెట్టండి. స్కేలు కొనను నమ్మకండి, అదీ అరిగి ఉండవచ్చు!

కీలుకి అర అంగుళం కనుక కొత్త చైనులో 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలి. ఉంటే మీ చైను బాగున్నట్లు. ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటి ఉంటే సగం వయసు అయిపోయినట్లు. గేర్లున్న సైకిలు సన్నని చైనునైతే ఇక్కడే మార్చడం మంచిది. 3 మిల్లీమీటర్లు దాటితే మామూలు సైకిలుకి కూడా కొత్త చైను వేయించాలి.

3 మిల్లీమీటర్లంటే 24 కీళ్ళ అరుగుదల మొత్తం. ఒక్కొక్క కీలు వాటా 3 ÷ 24, అంటే 0.125 మిల్లీమీటరు. మీ నోటుపుస్తకంలో ఒక్క కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. కాగితమంత అరుగుదలకే చైను పని అయిపోయిందన్నమాట!

అరిగిన చైనునే తొక్కుతూ పోతే ఏమవుతుంది? పళ్ళ చక్రం మీద పంటికీ పంటికీ మధ్య దూరం అర అంగుళమే. చైను కీలు మాత్రం అంతకంటే పొడుగు. రెండూ పొసగవు. రోలరు పంటి అడుగున కూర్చోకుండా పైకి ఎక్కుతుంది. బలమంతా ఒకటి రెండు పళ్ళ మీదే పడుతుంది. పళ్ళు అరిగి కొక్కేల్లా వంగిపోతాయి. అప్పుడు కొత్త చైను వేసినా ఆ పళ్ళ మీద జారుతుంది. చైనుతోపాటు ఫ్రీవీలునీ, ముందు చక్రాన్నీ కూడా మార్చాల్సి వస్తుంది. డబ్బు సంగతి అటుంచండి. పెడల్ మీద నిలబడి తొక్కుతూ రోడ్డు దాటుతున్నప్పుడు చైను జారితే, కాలు ఒక్కసారిగా కిందికి పోయి మనిషి పడిపోతాడు. వెనక లారీ వస్తుంటే?

నూనె చేసే పని

నూనె రాస్తే సైకిలు తేలిగ్గా నడుస్తుందని అందరికీ తెలుసు. 1999లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్పైసర్ బృందం ఈ విషయాన్ని ప్రయోగశాలలో పరీక్షించింది. చైను ఎక్కడ వేడెక్కుతోందో పరారుణ కెమెరాతో చూశారు. చైను తనకు అందిన శక్తిలో అత్యధికంగా 98.6 శాతాన్ని వెనక చక్రానికి చేర్చగలదని తేలింది. ఇంత పొదుపైన యంత్రాలు అరుదు. ఇంకొక వింత కూడా బయటపడింది. దుమ్ములేని ఆ ప్రయోగశాలలో నూనె ఉన్నా లేకపోయినా ఈ సంఖ్యలో పెద్ద తేడా రాలేదు!

అయితే నూనె అనవసరమా? కాదు. ప్రయోగశాలలో దుమ్ము లేదు, వాన లేదు. రోడ్డు మీద రెండూ ఉన్నాయి. కీలు లోపలి ఖాళీని నూనె ఆక్రమించుకుని ఉంటే దుమ్ముకి, నీటికి అక్కడ చోటుండదు. తుప్పు పట్టదు. పిన్ను, బుష్ నెలల తరబడి రాసుకున్నా అరుగుదల తక్కువగా ఉంటుంది. అందుచేత నూనె ఉండవలసింది కీలు లోపల. చైను పైన మెరిసే నూనె వల్ల లాభం లేదు, పైగా నష్టం. అది దుమ్మును జిగురులా పట్టుకుంటుంది.

శుభ్రం చేసే పద్ధతి

కావలసినవి: పాత గుడ్డలు, పాత పళ్ళ బ్రష్షు, ఒక చిన్న గిన్నెలో కొంచెం కిరోసిన్ గాని డీజిల్ గాని, మూతికి సన్నని గొట్టం ఉన్న నూనె డబ్బా. కిరోసిన్, డీజిల్ మంటను అందుకుంటాయి కనుక పెద్దవాళ్ళకి చెప్పి ఆరుబయటే పని చెయ్యండి. పొయ్యి, అగ్గిపుల్ల దగ్గర ఉండకూడదు. పెట్రోలు అసలే వాడకండి. అవేవీ లేకపోతే సబ్బునీళ్ళు చాలు. తరువాత మంచినీళ్ళతో కడిగి వెంటనే తుడిచి ఎండలో ఆరబెట్టాలి.

అన్నింటికంటే ముఖ్యం మీ వేళ్ళు. చైనుకీ పళ్ళ చక్రానికీ మధ్య వేలు పడితే నలిగిపోతుంది. మీ చెయ్యి చైను మీద ఉన్నప్పుడు పెడల్‌ను ఇంకొకరి చేత తిప్పించకండి. మీరే ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో పని చెయ్యండి. పెడల్‌ను ఎప్పుడూ వెనక్కే తిప్పండి. అప్పుడు ఫ్రీవీలు 'టిక్ టిక్' మంటుంది, వెనక చక్రం తిరగదు. గుడ్డను చిన్న మడత పెట్టుకోండి, కొసలు వేలాడకూడదు. చున్నీ, పొడుగు చేతులు బిగించుకోండి.

1. స్టాండు వేసి, చైను కింది వరసను మధ్య భాగంలో పొడిగుడ్డతో మెత్తగా పట్టుకోండి. పెడల్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పండి. గుడ్డ నల్లబడితే మడత మార్చండి. నాలుగైదుసార్లు ఇలా చెయ్యండి.

2. బ్రష్షును కిరోసిన్‌లో ముంచి లింకుల మధ్య రుద్దండి. కారే మురికి పడడానికి కింద ఒక పళ్ళెం పెట్టండి. పళ్ళ చక్రాల మీది జిడ్డును పుల్లతో గీకి తీసెయ్యండి.

3. మళ్ళీ శుభ్రమైన గుడ్డతో తుడవండి. తరువాత గంటసేపైనా ఆరనివ్వండి. కీళ్ళలో కిరోసిన్ మిగిలిపోతే మీరు వేసే నూనెను పలచన చేస్తుంది.

4. ఒక లింకుకి దారం కట్టి గుర్తు పెట్టుకోండి. కింది వరస మీద, బయటి రేకూ లోపలి రేకూ కలిసే చోట, ప్రతి రోలరుకీ ఒక్కొక్క చుక్క నూనె వెయ్యండి. దారం తిరిగి వచ్చేదాకా చెయ్యండి. దీపం వత్తిలోకి నూనె తనంతట తానే ఎక్కినట్లు, ఆ సన్నని సందులోకి నూనె దానంతటదే పోతుంది. ముందే మురికితో సందు మూసుకుపోయి ఉంటే మాత్రం పోలేదు. తుడవకుండా నూనె వెయ్యకూడదనడానికి కారణం ఇదే.

5. దారం తీసేసి, పెడల్‌ను వెనక్కి 30 చుట్లు తిప్పి కాసేపు ఆగండి. చివరగా పొడిగుడ్డతో చైను పైభాగాన్ని గట్టిగా తుడిచెయ్యండి. పని బాగా జరిగితే చైను పైకి దాదాపు పొడిగా కనిపిస్తుంది.

చక్రం రిమ్ముకి, బ్రేకు కట్టలకి నూనె తగలనివ్వకండి. బ్రేకు పట్టదు.

ఏ నూనె మంచిది?

వంటనూనె వద్దు. వంటింట్లో నూనె సీసా బయట పట్టిన జిగట జిడ్డును వేలితో తాకి చూడండి. వేరుసెనగ, పొద్దుతిరుగుడు నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడి జిగురవుతాయి. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది. ఎద్దుబండి ఇరుసుకి ఆముదంతో చేసిన కందెన వేసేవారు. పెద్ద ఇరుసుకి చిక్కటి కందెన సరిపోతుంది గాని చైను సన్నని సందులోకి ఆముదం తేలిగ్గా దూరదు. గ్రీజు కూడా పైనే ఉండి దుమ్మును పట్టుకుంటుంది. మోటారు వాహనంలోంచి తీసేసిన నల్లటి పాత ఆయిలును చాలామంది ఉచితంగా దొరుకుతుందని పోస్తారు. దానిలో మసి, లోహపు రజను కలిసి ఉంటాయి. కొత్త ఇంజన్ ఆయిలు కొద్దిగా చాలు. కుట్టుమిషను నూనె కూడా పనికివస్తుంది, కాని పలచన కనుక త్వరగా పోతుంది. తరచుగా వెయ్యాలి.

వానలో తడిస్తే

తడిసిన చైనుని ఆ రాత్రే పొడిగుడ్డతో తుడవండి. తెల్లారేసరికే ఎర్రటి తుప్పు కనిపించవచ్చు. నీటి మీద నూనె వెయ్యకండి. ఆరిన తరువాతే వెయ్యండి. తుప్పుతో ఒక్కొక్క కీలు బిగుసుకుపోతుంది. పెడల్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ ఫ్రీవీలు దగ్గర చూడండి. ఒక లింకు వంగకుండా ఎగిరిపడితే అదే బిగుసుకున్న కీలు. అక్కడ నూనె వేసి, సైకిలు ఆపి ఉంచి, చైనును అటూ ఇటూ మెల్లగా ఆడించండి.

చైను బిగువు కూడా చూడండి. రెండు చక్రాల మధ్యలో చైను పైకీ కిందికీ కలిపి సుమారు అర అంగుళం ఆడాలి. ఎక్కువ ఆడితే ఊడిపోతుంది. అసలు ఆడకపోతే బేరింగుల మీద భారం పడుతుంది. దీనిని సరిచెయ్యడానికి వెనక చక్రం నట్లు వదులుచేసి మళ్ళీ బిగించాలి కాబట్టి మొదటిసారి మెకానిక్ దగ్గర నేర్చుకోండి. చైనును విప్పి మళ్ళీ వేసేటప్పుడు ఒక సంగతి గమనించండి. చైన్ లాకు క్లిప్పుకి ఒక పక్క మూసి, ఒక పక్క తెరిచి ఉంటుంది. మూసిన పక్క చైను పరుగెత్తే దిక్కుకి ఉండాలి. తిరగేస్తే దేనికైనా తగిలి ఊడిపోవచ్చు.

మురికిలో ఏముంది?

గిన్నెలోని నల్లటి కిరోసిన్‌ను కాలవలో పొయ్యకండి. సీసాలో పోసి మూత పెట్టి రెండు రోజులు కదపకుండా ఉంచండి. మురికి అడుగున దిగుతుంది. పైన తేరిన కిరోసిన్‌ను వంచుకుంటే మరోసారికి పనికివస్తుంది. అడుగు మడ్డిని కాగితం మీద ఆరబెట్టి, కాగితం కింద అయస్కాంతాన్ని కదపండి. కొంత పొడి అయస్కాంతం వెంట నడుస్తుంది, కొంత కదలదు. కదలనిదానిలో చాలాభాగం ఇసుక. నడిచేది ఇనుప రజను. మట్టిలోనూ కొంత ఇనుప రజను ఉంటుంది గనుక అంతా మీ చైనుదే అనలేం. రోడ్డు పక్క దుమ్మును కూడా ఇలాగే పరీక్షించి, రెండింటినీ పోల్చి చూడండి.

ఇక నోటుపుస్తకంలో ఒక పేజీ మీ చైనుకి కేటాయించండి. నెలకొకసారి శుభ్రం చేసి, 24 కీళ్ళ పొడవు కొలిచి, తేదీతో రాయండి. మీ తరగతిలో చైనును తుడిచేవాళ్ళు కొందరు, తుడవనివాళ్ళు కొందరు ఉంటారు. అందరి కొలతలూ ఒకే గ్రాఫు కాగితం మీద గీయండి. సంవత్సరం తిరిగేసరికి ఎవరి గీత ఎంత పైకి పోయిందో చూస్తే, నూనె డబ్బాకీ, పాత గుడ్డకీ ఉన్న విలువ ఎంతో ఆ గీతలే చెబుతాయి.